పాలపిట్ట తలలో ఏముంది?

పాలపిట్ట అంటే పిట్ట కాదు, బర్రె. ఎర్రగుంటపల్లిలో కొమురవ్వ బర్రె. తారురోడ్డు రంగు, తాటిమొద్దంత మెడ. అది ఎదురొస్తుంటే ఆటోలు పక్కకు దిగి ఆగుతాయి. ఇంత బర్రెకు పిట్ట పేరేమిటని ఒకసారి అడిగాను.

"నీకు శాంతయ్య అని వెట్టలేదా తమ్మీ? నువ్వు గట్లనే ఉన్నవా?" అంది కొమురవ్వ.

నేను బర్రెల పోషకుల సంఘం కార్యదర్శిని. నా గొంతు మూడూళ్ళకు వినిపిస్తుంది. మళ్ళీ ఆ ప్రశ్న అడగలేదు.

ఆ పాలపిట్ట తలలో ఉన్నదంతా శుక్రవారం సాయంత్రం తుడిచేస్తామని మహిషస్మృతి కంపెనీ కబురు పంపింది. ఎందుకు పంపిందో, తర్వాత ఏమైందో చెబుతాను. నునుపుగా చెప్పడం నాకు రాదు. నేర్పినవాడు లేడు, నేర్చుకునే ఓపికా లేదు.

జనం తీసిన ఫొటోలు, వీడియోలు, సర్కారు కాగితాలు దాచడానికి ఇదివరకు పెద్ద పెద్ద సర్వర్ల గోదాములు ఉండేవి. అవి ఊళ్ళ కరెంటు తిన్నాయి, చెరువులు తాగాయి. ఇక తాగడానికి చెరువు మిగలని రోజున ఒక పశువైద్యుల బృందం ఒక సంగతి కనిపెట్టింది. బర్రె పడుకుని నెమరు వేస్తున్నంతసేపు దాని మెదడులో బోలెడు చోటు ఊరికే ఉంటుందట! ఊరికే ఉందని ఎవడు కొలిచాడు? బర్రెను అడిగారా? అడగలేదు. కొమ్ము మొదట్లో చొక్కా గుండీ అంత బిళ్ళ అతికించారు. నలభై బర్రెలను కలిపి ఒక మంద అన్నారు. ప్రతి ఫొటో, ప్రతి కాగితం మందలో మూడు తలల్లో ఉంటుంది. ఒక బర్రె చెరువులో మునిగితే దాని బిళ్ళకు సిగ్నల్ అందదు కదా, మిగతా రెండూ జవాబు చెబుతాయి. బర్రె నెమరు వేసేటప్పుడు పనికొచ్చేది లోపలికి దిగుతుంది. కొన్నాళ్ళుగా ఎవరూ ముట్టనిది రాలిపోతుంది. దాణా కంపెనీది, పాలు మనవి. అందరూ ఒప్పుకున్నారు. మా సంఘం కూడా ఒప్పుకుంది. ఒప్పుకోవడం మీద గొడవపడి రెండుగా చీలింది, అది వేరే సంగతి.

అన్నీ బాగానే నడిచాయి. వానాకాలం వెళ్ళాక మంద మందగించింది. మండల ఆఫీసులో పొలం పటం ఒకటి అడిగితే పొద్దున అడిగినది మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చేది. ఆఫీసు వాళ్ళకు ఇందులో తేడా ఏమీ కనిపించలేదు. కరీంనగర్‌లోని కంపెనీ ప్రయోగశాలలో మాత్రం గోడంత తెర మీద నలభై గీతలూ ఎర్రబడ్డాయి. ఒక్కో గీత ఒక్కో బర్రె. గీత పైకి పోతే ఆ తల నిండిందని లెక్క.

ఆ గీతల ముందు కూర్చునే ఇంజనీరు పరిమళ. తెనాలి పిల్ల. ఆమె పైన డైరెక్టర్ చక్రపాణి. వాళ్ళ మాటలు ఆమే నాకు తర్వాత చెప్పింది.

"ఏంటమ్మా ఇంత ఎరుపు? శాంతయ్య సంఘం జెండాలా ఉంది."

"మెమరీ నిండిపోతోంది సార్. ఎవరో దేన్నో పట్టుకుని వదలట్లేదు."

"ఎవరో అంటే?"

"ఏదో ఒక గేదె సార్."

"నలభైలో ఏది?"

"అదే వెతుకుతున్నాను సార్."

"వెతికేదేముంది? ఆఫ్ చేసి ఆన్ చెయ్."

కంపెనీ మనుషులు కొట్టం కొట్టం తిరిగి బిళ్ళలు పీకి మళ్ళీ పెట్టారు. ముగ్గురు తన్నులు తిన్నారు. గీతలు ఒక పూట దిగి, మళ్ళీ ఎక్కాయి. చోటు చాలడం లేదేమోనని పక్క ఊరి నుంచి పది కొత్త బర్రెలను తెచ్చి కలిపారు. రెండు రోజుల్లో ఆ పదీ ఎర్రబడ్డాయి. ఇసుకలో నీళ్ళు పోసినట్టయింది. పైగా ఊళ్ళోని బర్రెలన్నీ వింతగా తయారయ్యాయి. మేత మధ్యలో తలెత్తి నాలుగు దిక్కులూ చూసేవి. పొర్లుతున్న మడుగులోంచి లేచి వచ్చి, గోడల వెనుక, గడ్డివాముల వెనుక దేనికోసమో వెతికేవి. ఒకటి బడిలో దూరి మూడో తరగతి గదంతా చూసి వెళ్ళింది.

ఆపైన దూడ కనిపించడం మొదలైంది.

జగిత్యాలలో ఒకరు తమ పెళ్ళి వీడియో పెట్టుకున్నారు. తాళి కట్టే చోట పెళ్ళికూతురు లేదు. నొసట తెల్లచుక్క ఉన్న దూడ తల ఉంది. పెళ్ళికొడుకు వంచిన మెడతో, మహా శ్రద్ధగా దానికే తాళి కడుతున్నాడు. పక్క ఊరి ముసలాయన పింఛను కోసం పోతే తెర మీద ఆయన ఫొటోకు బదులు దూడ వచ్చింది. గుమాస్తా తెరను చూశాడు, ఆయనను చూశాడు, "చెవులు కలుస్తలేవు పెద్దమనిషీ" అని వెనక్కి పంపాడు. ఒక రైతు పొలం పటంలో గట్లన్నీ కలిసి దూడ ఆకారం అయ్యాయి. తోక పక్కవాడి పొలంలోకి పోయిందని వాళ్ళిద్దరూ కొట్టుకున్నారు.

పరిమళ దూడ బొమ్మ వెనుకే పోయింది. ఏ తలలో మొదట పుడుతోంది, ఏ తలలోకి కాపీ అవుతోంది అని ఒక్కొక్కటీ విప్పుకుంటూ పోతే, అన్ని దారులూ ఒకే బర్రె దగ్గర ఆగాయి. పాలపిట్ట.

"దొరికింది కదా, తుడిచెయ్" అన్నాడు చక్రపాణి. "శుక్రవారం సాయంత్రం. నేనే వస్తాను."

తుడవడం అంటే ఏమిటో పరిమళకు తెలుసు. ప్రయోగశాలలో ఒక బర్రెను ఒకసారి తుడిచారు. అది కుడితి తొట్టిని చూసి బెదిరింది. పేరు పెట్టి పిలిస్తే చెవి కదపలేదు. నీళ్ళలో దిగి, బయటికి రావాలన్న సంగతి మరిచి అట్లాగే నిలబడింది. చివరికి తాళ్ళు కట్టి లాగారు.

కబురు ఊరికి చేరిన మరునాడే కంపెనీ గేటు ముందు ధర్నా పెట్టాను. జనం సగమే వచ్చారు. మిగతా సగం, అంటే చీలిపోయిన సంఘం, అదే రోజు వెనుక గేటు దగ్గర వేరే ధర్నా పెట్టింది. ఇద్దరి నినాదమూ ఒకటే. చక్రపాణి ముందు గేటుకు వచ్చాడు.

"అమ్మా, మీకేం నష్టం లేదు. ఇంకో బర్రెను ఇస్తాం. దీనికంటే మంచిది."

కొమురవ్వ కొంగు బిగించింది. "ఇంకో బర్రెనా? నీకు ఇంకో అవ్వను తెస్త. ముసల్ది గాదు, మంచిగ పనిచేస్తది. తీస్కుంటవా?"

చక్రపాణి లోపలికి పోయాడు. పరిమళ బయటికి వచ్చింది. "శుక్రవారం దాకా టైముంది కదా అమ్మా, నేను మీ ఊరొచ్చి చూస్తాను. కారణం దొరికితే తుడవక్కర్లేదు" అని మా ఆటోలోనే ఎక్కింది.

కొమురవ్వ మొగుడు ఓదేలు. మాట తక్కువ, చేతిపని ఎక్కువ. పాత టైరుతో చెప్పులు కుడతాడు, విరిగిన కుర్చీకి కాలు పెడతాడు. పరిమళ కొట్టంలోకి వచ్చి "గేదె పేరు బాగుందండీ" అంటే ఆయన కళ్ళు చిట్లించాడు.

"గేదె ఏంది బిడ్డా? గది బర్రె."

"రెండూ ఒకటేనండీ."

"మీకు ఒకటే. దాన్ని గేదె అంటె పల్కది."

పరిమళ తన పెట్టె తెరిచి, పాలపిట్ట గీత ఒక్కదాన్నే చూస్తూ రోజంతా దాని వెంట తిరిగింది. మేతలో గీత కదలలేదు. చెరువులో కదలలేదు. నెమరు వేస్తుంటే కొంచెం దిగింది కూడా. చీకటి పడకముందు పాలు పిండే వేళకు, కొట్టం తలుపు మూసుకోగానే, గీత నిలువునా లేచింది. మర్నాడు పొద్దున పాల వేళకు మళ్ళీ లేచింది.

"అమ్మా, పాలు తీసేటప్పుడు నేను లోపల ఉండాలి" అంది పరిమళ.

"వద్దు."

"ఒక్కసారే అమ్మా."

"పిండేటప్పుడు పరాయోళ్ళు ఉండొద్దు బిడ్డా. కన్ను వడ్తది. పాలు ఎండుతయి."

పరిమళ ఒక అడుగు ముందుకు వేసింది. అప్పుడు నేను ఉన్నాను. ఉండి, నాకు చేతనైనది చేశాను. జెండా పట్టుకుని తలుపుకు అడ్డంగా నిలబడి, "మా కొట్టాల్లో కంపెనీ పెత్తనం నశించాలి!" అని అరిచాను. దిష్టి, కన్ను, బాణామతి, అన్నీ బూటకమని ఊరూరా మైకు పట్టుకుని చెప్పిన మనిషిని నేనే. ఆ రోజు దిష్టి తరఫున కాపలా కాశాను. ఏ రోగాన్ని పట్టుకోవాలని ఆ పిల్ల వచ్చిందో, ఆ రోగానికే నేను వాకిలి కాస్తున్నానని ఎవరికి తెలుసు?

గురువారం సాయంత్రానికి పరిమళకు ఓపిక అయిపోయింది. పెట్టెను కొమురవ్వ ముందు పెట్టి, అరుగు మీద కూలబడింది.

"అమ్మా, రేపు తుడిచాక ఇది మిమ్మల్ని గుర్తుపట్టదు. మీ చెయ్యి తెలీదు, మీ గొంతు తెలీదు. తొట్టి తెలీదు. నేను చూశాను కాబట్టి చెబుతున్నా. నన్ను లోపలికి రానివ్వకపోతే పోనీండి. ఇది మాత్రం చూడండి. దీని తలలో నిండిపోయింది ఇదే."

తెర మీద దూడ. నొసట తెల్లచుక్క.

కొమురవ్వ తెర దగ్గరికి వంగింది. వేలితో ఆ చుక్కను తుడిచినట్టు తాకింది. ఆ పక్కనే నేల మీద కూర్చుంది.

"గిది మా సుక్క."

"ఎవరమ్మా చుక్క?"

"దీని దుడ్డె. దీనికి పుట్టిన బిడ్డ."

"ఎక్కడుంది?"

"సచ్చిపాయె. వానకాలంల. కడుపు ఉబ్బి, ఒక్క పూటల పోయింది."

పరిమళ తెర వైపు చూసింది, కొమురవ్వ వైపు చూసింది. "చచ్చిపోయిన దూడను ఇది రోజూ పొద్దునా సాయంత్రం ఎట్లా చూస్తోంది?"

ఓదేలు లేచి కొట్టంలోకి పోయి, మూలనున్న గోనెపట్టా తొలగించాడు.

దూడ నిలబడి ఉంది. చుక్క తోలే. లోపల గడ్డి కూరి, నాలుగు వెదురు కర్రలు కాళ్ళుగా పెట్టి నిలబెట్టారు. దూడ చస్తే బర్రె పాలు చేపదు. పొదుగు దగ్గర ఇట్లాంటి గడ్డిదూడను పెట్టి, ఉప్పు రాసి నాకిస్తే, బిడ్డ ఉందనుకుని పాలు వదులుతుంది. పాడి ఉన్న ఇళ్ళలో ఇది ఎప్పటినుంచో ఉన్న పని. చెప్పుకునేంత సంగతని ఎవరూ అనుకోరు, పరాయివాళ్ళకు చూపరు. కంపెనీ వాళ్ళు బిళ్ళ పెట్టేటప్పుడు వంద ప్రశ్నలు అడిగారు. కొమ్ము వంకర అడిగారు, తోక పొడవు అడిగారు. దూడ ఉందా అని మాత్రం అడగలేదు.

ఆ గడ్డిదూడను ఎలుకలు కొంచెం తిన్నాయి. ఒక చెవి పోతే ఓదేలు టైరు ముక్కతో కొత్త చెవి కుట్టాడు. ఒక కన్ను చొక్కా గుండీ. పొట్ట ఒక పక్కకు జారింది.

"పోయిన వారమే కన్ను మార్చిన" అన్నాడు ఓదేలు, కొంచెం గర్వంగా. "పాతది ఊడిపోయింది."

"ఎప్పుడు? మంగళవారమా?"

"ఔ."

"చెవి ఎప్పుడు కుట్టారు?"

"దానికి ముందటి అంగడి నాడు."

పరిమళ నెత్తి పట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు అర్థం కాలేదు. "బాబాయ్, మీరు చెవి కుట్టిన రోజే జగిత్యాల పెళ్ళికూతురు పోయింది! కన్ను మార్చిన రోజే పింఛన్లు పోయాయి!"

తర్వాత మాకు విడమరిచి చెప్పింది. పాలపిట్ట ప్రతి పూటా బిడ్డను చూస్తుంది. బిడ్డలాగే ఉంటుంది, కాని పాలు తాగదు. ఉప్పు వాసన, గడ్డి వాసన. నిన్నటి చెవి ఇవాళ లేదు. ఇది నా బిడ్డేనా, కాదా? తేలదు. తేలనిదాన్ని పాతదానితో కలపలేక, కొత్తగా ఇంకోటి దాచుకుంటుంది. కంపెనీ బిళ్ళ దాన్ని కొత్త సరుకనుకుని మరో రెండు తలలకు పంపుతుంది. ఆ బర్రెలకు ఎప్పుడూ కనని బిడ్డ కనబడుతుంది. అవీ వెతకడం మొదలుపెడతాయి. వెతికిన ప్రతిసారీ ఇంకో కాపీ.

"నెమరులో రాలిపోవాలి కదా?" అన్నాను. నాకు కొంచెం తెలుసని చూపించుకోవడానికి.

"ఈమధ్య ముట్టుకున్నది ఏదీ పారేయొద్దని నియమం పెట్టాం అన్నా. పెట్టింది నేనే. మీరు రోజుకు రెండుసార్లు ముట్టిస్తున్నారు. ఇక ఎట్లా రాలుతుంది?"

"మరి ఏం చెయ్యాలె?" అంది కొమురవ్వ.

"ఈ బొమ్మ దాని కంటికి కనిపించకూడదు. ఇక ఎప్పటికీ."

"బొమ్మ తీస్తె పాలియ్యది."

"అవునమ్మా."

కొమురవ్వ చాలాసేపు పాలపిట్ట మెడ నిమురుతూ కూర్చుంది. నాకు ఉపన్యాసం ఇవ్వాలనిపించింది, కాని జెండా గోడకు ఆనించి కూర్చున్నాను.

"సుక్క సచ్చిన పొద్దు ఇది తాడు తెంపుకోని అరిసింది" అంది. "అర్వనియ్యలే. ఏడిస్తె పాలు ఎండుతయని ఆ సాయంత్రమే బొమ్మ వెట్టినం. దాన్ని ఏడ్వనే ఇయ్యలే బిడ్డా. పాలు పోతె పోనీ తియ్యి. నన్ను మర్సిపోతె ఎట్ల?"

ఒకరికి పాలు కావాలి, ఒకరికి చోటు కావాలి. తల్లికి ఏడ్చే తీరిక మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ఈ మాట నేను ఆ తర్వాత చాలా సభల్లో అన్నాను. ఆ రోజు అనలేదు.

శుక్రవారం పొద్దున పాలు పిండలేదు. ఓదేలు రోడ్డు పక్క తుమ్మల కింద గొయ్యి తీశాడు. గడ్డిదూడను భుజాన వేసుకుని బయలుదేరాడు. వెనుక పాలపిట్ట, దాని వెనుక కొమురవ్వ. మేమందరం కలిసి అయిదారుగురం అనుకున్నాం.

ఓదేలు గొయ్యి దగ్గర బొమ్మను దించగానే పాలపిట్ట మెడ చాపి అరిచింది. అది మామూలు అరుపు కాదు. వానాకాలం నుంచి లోపల అడ్డం పడి ఉన్నది ఒక్కసారి బయటికి వచ్చింది. ఊళ్ళోంచి ఇంకోటి అరిచింది. ఆపైన ఇంకోటి. తాళ్ళు తెగాయి, గుంజలు లేచాయి, తడికెలు విరిగాయి. నలభై బర్రెలూ, కొత్తగా తెచ్చిన పదీ, దుమ్ము లేపుకుంటూ వచ్చేశాయి. ప్రతిదానికీ అది తన బిడ్డే. ఒక్కొక్కటీ వచ్చి ఆ టైరు చెవిని వాసన చూసింది. ఓదేలు మట్టి పోశాడు. అవి రోడ్డు మీదికి మళ్ళి, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పరుచుకుని నిలబడ్డాయి.

సాయంత్రం వస్తానన్న చక్రపాణి, తుడిచే యంత్రం జీపులో వేసుకుని పొద్దున్నే వచ్చాడు. వచ్చి, బర్రెల అవతల ఆగాడు. హారన్ కొట్టాడు. ఒక్క చెవి కదలలేదు. నేను జీవితంలో బోలెడు రాస్తారోకోలు చేశాను. అంబులెన్సుకు దారి ఇచ్చాం, ఎస్సైకి దారి ఇచ్చాం, ఎండెక్కితే ఇళ్ళకు పోయాం. ఇంత గట్టి రాస్తారోకో నేను చూడలేదు.

చక్రపాణి జీపులోంచే ఫోన్ చేశాడు. "పరిమళా! వీటిని పక్కకు తప్పుకోమను!"

"మందంతా ఇప్పుడు ఒకే పని మీద ఉంది సార్. మధ్యలో ఆపితే ఉన్నదంతా పోతుంది."

"ఏం పని?"

"ఏడుస్తున్నాయి సార్."

ఆమె పెట్టెలో గీతలన్నీ పైఅంచు తాకి నిలిచాయి. మధ్యాహ్నానికి బర్రెలు ఒక్కొక్కటే మోకాళ్ళు ముడిచి రోడ్డు మీదే పడుకున్నాయి. కళ్ళు సగం మూసి నెమరు మొదలుపెట్టాయి. చివరిగా పాలపిట్ట పడుకుంది. దాని దవడ కదలగానే గీత వెంట్రుకవాసి దిగింది. పరిమళ నా మోచెయ్యి గట్టిగా గిల్లింది.

మూడు రోజులు మంద ఎవరికీ జవాబు ఇవ్వలేదు. మండలం ఆఫీసులు తాళం వేసుకున్నాయి. నాలుగో రోజు గీతలు పచ్చబడ్డాయి. జగిత్యాల పెళ్ళికూతురు తన చోటికి తాను వచ్చింది. ముసలాయన చెవులు కలిశాయి.

ప్రయోగశాలలో చక్రపాణి కారణం అడిగాడు.

"దూడ చచ్చిపోయింది సార్. తల్లిని ఏడవనివ్వలేదు."

"అది కాదమ్మా, సాంకేతిక కారణం చెప్పు."

"చెప్పాను సార్."

పాలపిట్ట మాత్రం పాలు ఇవ్వలేదు. బకెట్ పెడితే తన్నింది. కొమురవ్వ పాలు లేని చాయ్ తాగుతూ నన్నూ, కంపెనీనీ, ఓదేలు చేతిపనినీ వరసపెట్టి తిట్టింది. వారం తిరిగాక, వెనుక ఇంటి బక్కదూడ, తల్లికి పాలు లేనిది, దారి తప్పి కొట్టంలో దూరి పాలపిట్ట పొదుగు పట్టుకుంది. పరాయి దూడను బర్రె దగ్గరికి రానివ్వదు. కాలు విసిరితే దూడ డొక్క పగులుతుంది. ఓదేలు కట్టె పట్టుకుని పరుగెత్తాడు.

"ఆగయ్యా" అంది కొమురవ్వ.

పాలపిట్ట తల వెనక్కి తిప్పింది. దూడ నొసలు నాకింది. చుక్క లేదు. మళ్ళీ నాకింది. చుక్క లేకపోయినా పాలు చేపింది.

అదొక్కటే కాదు. ఆ మందలో ఇప్పుడు ఏ దూడ ఏ బర్రె కింద దూరినా తన్నదు. ఏది ఎవరి బిడ్డో వాటికి పట్టింపు లేదు. పరిమళ చూస్తే, ప్రతి గీత అడుగునా చుక్క జ్ఞాపకం గోరంత మిగిలి ఉంది. ఎంత నెమరు వేసినా రాలడం లేదు. దాన్ని కూడా శుభ్రం చెయ్యమన్నాడు చక్రపాణి. "అది తీస్తే మంద విడిపోతుంది సార్" అంది పరిమళ. ఆయన దాన్ని సాంకేతిక కారణం అనుకుని ఊరుకున్నాడు.

ఈ సంగతంతా మొన్నటి సభలో చెబుదామని మైకు పట్టుకున్నాను. చీలిపోయిన సంఘం వాళ్ళు రోడ్డుకు అవతల వేరే మైకు పెట్టారు. ఐకమత్యం గురించి నేను ఇటు అరుస్తుంటే, ఐకమత్యం గురించే వాళ్ళు అటు అరిచారు. ఎవరి మాటా ఎవరికీ వినబడలేదు. మధ్య రోడ్డులో పాలపిట్టను తోలుకుంటూ వచ్చిన కొమురవ్వ ఆగింది. ఇటు చూసింది, అటు చూసింది.

"తమ్మీ" అంది, "మా ఇంటాయనతోని మీకు గూడ ఓ గడ్డిదుడ్డెను చేపియ్యాల్నా?"